తాత్కాలిక గుడిసెలు

నాలుగు కాగితాలను జిగురుతో అతికించి తెచ్చాడు ఆ కుర్రాడు. ఇంటర్నెట్ సెంటర్‌లో రంగుల్లో ప్రింటు తీయించాడట. అతుకు సరిగ్గా కుదరక మధ్యలో ఒక గెడ్డ తెగిపోయి, అర అంగుళం అవతల మళ్లీ మొదలవుతోంది. ఉప్పల్‌లోని ఓ రెండు గదుల ఇంట్లో భోజనాల బల్ల మీద దాన్ని పరిచి, మూలలు లేవకుండా నాలుగు స్టీలు గ్లాసులు పెట్టారు. డెబ్బై దాటిన ఆ ఇంటి పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని కాగితం మీదికి వంగారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అది 2019 మార్చి నెల. కుర్రాడిది అరకు వైపు ఓ కొండ గూడెం. పక్క వీధిలో అద్దె గదిలో ఉంటూ గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్నాడు. పెద్దాయన సర్వే ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లకు పైగా పని చేసి రిటైరైన మనిషి. మ్యాపు చదవడం ఆయనకు వచ్చని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. అతను అడిగింది ఒక్కటే. ఈ కాగితంలో తమ ఊరు ఉందా, లేదా?

పెద్దాయనకు ఆ షీటు కొత్త కాదు. 1970ల మధ్యలో ఒక చలికాలమంతా ఆ కొండల్లో తిరిగి అందులో ఓ మూలను సరిచూసింది ఆయనే. కానీ రిటైరైనప్పుడు ఒక్క షీటు కూడా ఇంటికి తెచ్చుకోలేదు. తెచ్చుకోకూడదు కూడా. సముద్ర తీరం వెంబడి, దేశ సరిహద్దుల వెంబడి దాదాపు 80 కిలోమీటర్ల వెడల్పున ఉండే ప్రాంతాల టోపోషీట్లు దశాబ్దాల పాటు నిషిద్ధ పటాలు. తూర్పు కనుమల్లో కొంత భాగం ఆ పట్టీలోకే వచ్చేది. అక్కడ పుట్టి పెరిగినవాడు తన ఊరి పటం చూడాలన్నా అనుమతి కావాలి. అలాంటి పటం ఇప్పుడు జిగురు మరకలతో తన భోజనాల బల్ల మీదికి రావడం ఆయనకు కాస్త వింతగానే అనిపించింది.

మారింది మెల్లగానే. 2005లో వచ్చిన జాతీయ మ్యాపు విధానం పటాలను రెండుగా విడదీసింది. రక్షణ అవసరాలకు ఒక వరస, ప్రజల కోసం మరో వరస. 2017లో సర్వే ఆఫ్ ఇండియా ఈ రెండో వరస పటాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. అప్పట్లో ఆధార్ నంబరు ఇస్తే చాలు, దించుకోగలిగేవారు. 1767లో పుట్టిన సంస్థ తన పటాలను అడిగినవారికల్లా ఇవ్వడానికి 250 ఏళ్లు పట్టింది. మ్యాపుల తయారీ మీద ఉన్న ఆంక్షలు చాలావరకు సడలడానికి 2021 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది.

ఆయన ముందు అంచు చూశారు. పటం చదివేవాడి చూపు మొదట పడేది అంచుల మీదే. సర్వే ఎప్పుడు జరిగింది, తర్వాత ఎప్పుడు సవరించారు, అయస్కాంత ఉత్తరం అసలు ఉత్తరానికి ఎంత పక్కగా ఉంది, అన్నీ అక్కడే ఉంటాయి. కొత్త వరసలో షీటు నంబరు మారింది. ఆయన నోటికి మాత్రం పాత నంబరే వచ్చింది: 65 జె/15.

ఆ నంబరులో పెద్ద రహస్యమేమీ లేదు. పాత పద్ధతిలో దేశాన్ని నాలుగేసి డిగ్రీల చదరాలుగా కోశారు. 65వ చదరం 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 80 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉంటుంది. భద్రాచలం, విశాఖపట్నం, అరకు అందులోవే. దాన్ని పదహారు ముక్కలు చేసి ఎ నుంచి పి వరకు అక్షరాలు పెట్టారు. ఒక్కో అక్షరాన్ని మళ్లీ పదహారు ముక్కలు చేశారు. ఆ చివరి ముక్కే టోపోషీటు. అరకు దగ్గర అది ఉత్తర దక్షిణాలుగా సుమారు 28 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 26 కిలోమీటర్లు. కిలోమీటరు దూరం కాగితం మీద రెండు సెంటీమీటర్లు. ఏడు వందల చదరపు కిలోమీటర్ల కొండలు, అడవి ఒక బల్ల మీద పడతాయి.

‘‘ఈ మట్టి రంగు గీతలేంటి సార్?’’ అన్నాడు కుర్రాడు.

కాంటూరు రేఖలు. ఒక గీత మీద ఎక్కడ నిలబడ్డా సముద్ర మట్టం నుంచి ఎత్తు ఒక్కటే. గీతకు గీతకు మధ్య ఇరవై మీటర్లు. అయిదో గీత లావుగా ఉంటుంది, అంటే వంద మీటర్లు. గీతలు దూరదూరంగా ఉంటే మెత్తటి వాలు, దగ్గరగా ముసురుకుంటే నిట్టనిలువు. కుర్రాడికి రెండు నిమిషాల్లో అర్థమైంది. గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటున్న చోట వేలు పెట్టి, ‘‘ఇక్కడే మా అమ్మ బిందెతో దిగేది’’ అన్నాడు. అప్పటివరకు మ్యాపు ముఖం చూడని కుర్రాడు ఒక్కో గీతనూ కాళ్లతో గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. నీలం గీత ఎండాకాలంలోనూ పారే గెడ్డ. నల్లగీత వానాకాలం పోయాక ఎండిపోయేది. పసుపు సాగుభూమి. ఆకుపచ్చ అడవి. ఆ షీటులో ఎక్కువ భాగం ఆకుపచ్చే.

చిక్కు ఆ ఆకుపచ్చ దగ్గరే ఉంది. 1970ల నాటికి ఇలాంటి పటాలు చాలావరకు విమానం నుంచి తీసిన ఫోటోల ఆధారంగానే తయారయ్యేవి. పక్కపక్కన తీసిన రెండు ఫోటోలను స్టీరియోస్కోపు కింద పెడితే కొండలు లేచి నిలబడతాయి. మైదానంలో గడ్డివాము కూడా కనిపిస్తుంది. అడవిలో మాత్రం చెట్ల తలలే కనిపిస్తాయి. వాటి కింద బాట ఉందా, ఊట ఉందా, పది గుడిసెలున్నాయా అన్నది నడిచి వెళ్లి చూడాల్సిందే. అందుకే చలికాలమంతా గుడారాలు. ఉదయం చద్దన్నం తిని ఫోటోలు, పెన్సిళ్లు, ఇద్దరు ఖలాసీలతో బయల్దేరడం. సాయంత్రం చీకటి పడేలోగా లాంతరు దగ్గరికి చేరడం. ఎండాకాలం ముదిరాక ఆఫీసుకు తిరిగొచ్చి, చూసినదంతా నీడలో కూర్చుని గీయడం.

పోడు సంగతి ఇంకా చిత్రమైనది. కొండవాలున ఒక చెక్కను రెండు మూడేళ్లు సాగు చేసి, నేల అలసిపోయాక కొన్నేళ్లు వదిలేసి, మళ్లీ దాని దగ్గరికి రావడం పోడు పద్ధతి. సర్వే మనిషి వచ్చిన ఏడాది ఆ చెక్క బీడుగా ఉంటే అది పటంలో పొదలుగానో అడవిగానో నమోదవుతుంది. దున్నేవాడి లెక్కలో అది విశ్రాంతి తీసుకుంటున్న పొలం. పటం లెక్కలో ఆకుపచ్చ. సర్వే ఒక్కరోజు చూపు. కాగితం మాత్రం దశాబ్దాలు మాట్లాడుతుంది.

ఆ ఆకుపచ్చ చుట్టూ మరో గీత ఉంటుంది, రిజర్వు ఫారెస్టు హద్దు. కొండ ఎత్తు మారదు కాబట్టి కాంటూరు గీత దానంతటదే పుడుతుంది. అటవీ హద్దు మాత్రం చట్టం గీసిన గీత. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నుంచి 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వరకు పద్ధతి దాదాపు ఒకటే. ఫలానా అడవిని రిజర్వు చేయబోతున్నాం, అభ్యంతరాలుంటే గడువులోగా చెప్పండి అని ప్రకటిస్తారు. అక్షరం రాని కొండమీదికి ఆ ప్రకటన ఎలా చేరుతుందన్నది వేరే ప్రశ్న. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం తిరగబడటానికి పోడు మీద ఆంక్షలు ఒక ముఖ్య కారణం.

సర్వే చరిత్రలోనూ మన అడవులకు ఒక చోటుంది. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన కొలత ఉత్తరానికి సాగుతుండగా, 1819లో జార్జ్ ఎవరెస్ట్ అనే యువ అధికారిని కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపారు. జ్వరాలు కమ్ముకున్నాయి. ఆయన బృందం మంచాన పడింది. ఆయన కోలుకోవడానికి 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా వెళ్లాల్సి వచ్చింది. తర్వాత ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి ఆయన పేరు పెట్టారు. ఆ అడవుల్లో చెట్లు నరికి చూపుకు దారి చేసినవాళ్ల పేర్లు, కొండకొండకీ పేరు చెప్పినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. పటం మీద కొండ పేరు ఉంటుంది. ఆ పేరు చెప్పిన మనిషి ఉండడు.

పెద్దాయనకు అలాంటి మనిషి ఒకరు గుర్తున్నారు. కుర్రాడి వేలు ఆగిన కొండవాలుకు కాస్త పైన, ఓ సాయంత్రం, గడ్డి కప్పు గుడిసెలు అయిదారు కనిపించాయి. ఫోటోలో అవి లేవు. గుడిసెల ముందు ఓ ముసలాయన కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. ‘ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు ఇక్కడ?’ అని అడిగితే ఆయన ఏళ్లు చెప్పలేదు. లేచి ఓ చింతచెట్టు కిందికి తీసుకెళ్లాడు. అక్కడ నేలలో పాతిన రాళ్లున్నాయి. కొన్ని నిలువుగా, కొన్ని పక్కకు ఒరిగి, కొన్ని సగం మట్టిలో కూరుకుపోయి. ఇది మా నాన్నది, ఇది ఆయన నాన్నది అంటూ వరసగా చూపించుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, అటుపైన పేర్లు తెలియవన్నాడు.

టోపోషీటు అడుగున గుర్తుల పట్టిక ఉంటుంది. అందులో ఊళ్లు రెండు రకాలు: జనం ఉన్నవి, వదిలేసినవి. గుడిసెలూ రెండు రకాలు: శాశ్వతం, తాత్కాలికం. మట్టిగోడ, గడ్డి కప్పు, అయిదారు ఇళ్లు, చుట్టూ పోడు. చూసినవాడికి అది తాత్కాలికమే. మూడేళ్లకో అయిదేళ్లకో కప్పు మారుస్తారు, ఒక్కోసారి గుడిసెనే పది గజాలు జరుపుతారు. యువ సర్వేయరు తాత్కాలిక గుడిసెల గుర్తే పెట్టాడు. పేరు రాయలేదు. అయిదు గుడిసెలకు పేరు రాస్తే షీటు నిండిపోతుంది. తర్వాత ఏమనిపించిందో, చింతచెట్టు ఉన్న చోట సమాధుల గుర్తు కూడా పెట్టాడు. పట్టికలో దానికి మాత్రం తాత్కాలికం, శాశ్వతం అని రెండు రకాలు లేవు.

కుర్రాడి ఇంట్లో కథ 2008లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 2006లో, పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అడవిలో బతికేవారికి చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది. 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు ఇవ్వాలంది. 2008 జనవరిలో నిబంధనలు వచ్చాయి. కుర్రాడి తండ్రి దరఖాస్తు పెట్టుకున్నాడు. కొన్నేళ్లకు అది తిరిగొచ్చింది. ఆధారాలు లేవన్నారు. ఆయన చేతిలో రేషన్ కార్డు ఉంది, అందులో కింద ఉన్న పెద్ద ఊరి పేరు ఉంది. తమ గూడెం పేరున్న కాగితం మాత్రం ఒక్కటీ లేదు.

అలాంటి తిరస్కారాలు దేశమంతటా లక్షల్లో ఉన్నాయి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరణకు గురైన వారిని అటవీ భూముల నుంచి ఖాళీ చేయించాలని రాష్ట్రాలను ఆదేశించింది. రెండు వారాలకే, ఫిబ్రవరి 28న, ఆ ఆదేశాన్ని నిలిపివేసి, తిరస్కరించేటప్పుడు చట్టప్రకారం నడుచుకున్నారో లేదో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. ఆ రెండు వారాలూ కుర్రాడు కోచింగ్ క్లాసులో కూర్చున్నా పాఠం చెవికెక్కలేదు. తండ్రి ఫోనులో ఒకటే మాట అడిగేవాడు. ‘‘ఎల్లిపొమ్మంటే ఎక్కడికెళ్తాం?’’

‘‘మా ఊరు ఇందులో ఉందా సార్?’’ అని మళ్లీ అడిగాడు కుర్రాడు.

పెద్దాయన భూతద్దం తెచ్చారు. కాగితం అతుకు పక్కనే, తెగిపోయిన గెడ్డకు కాస్త పైన, చిన్న గుర్తులు. ఉన్నాయి. ఏళ్ల తర్వాత షీటును సవరించినవాళ్లూ వాటిని తీసేయలేదు. పేరు లేదు. పట్టికలో ఏ గుర్తో చూసి కుర్రాడే పైకి చదివాడు. ‘‘తాత్కాలిక గుడిసెలు.’’ ఆ మాట అని ఆగిపోయాడు. దరఖాస్తు తిప్పి పంపినవాళ్లు నోటితో చెప్పింది కూడా అదేనట, మీరు మధ్యలో వచ్చినవాళ్లని.

ఆ గుర్తు పెట్టింది తానేనని పెద్దాయన అప్పుడు చెప్పారు. చెప్పకుండా ఉండొచ్చు. కుర్రాడికి తెలిసే దారి లేదు. చెప్పి, భూతద్దాన్ని అర సెంటీమీటరు పక్కకు జరిపారు. ‘‘దీన్ని చూడు బాబూ. ఇదేంటో పట్టికలో వెతుకు.’’

కుర్రాడు వెతికాడు. దొరికాక తలెత్తి ఆయన వైపు చూశాడు. ‘‘చింతచెట్టు కింద రాళ్లు సార్. మా తాత రాయి కూడా అక్కడే.’’

అటవీ హక్కుల నిబంధనల్లో 13వది ఆధారాల గురించి చెబుతుంది. ప్రభుత్వ రికార్డులు, పటాలు, ఉపగ్రహ చిత్రాలు మాత్రమే కాదు. బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు కూడా ఆధారాలే. ఊరి పెద్దల వాంగ్మూలం రాసి ఇస్తే అదీ ఆధారమే. వీటిలో ఒకటికి మించి ఆధారాలను పరిశీలించాలి. 2012లో చేసిన సవరణ ఇంకో మాట చేర్చింది. ఉపగ్రహ చిత్రాలు మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటి స్థానంలో అవి చెల్లవు. చెట్టు కింద ఏముందో ఆకాశం నుంచి కనబడదని చట్టం కూడా ఒప్పుకుందన్న మాట. పటంలో సమాధుల గుర్తు ఉంది. అంచున సర్వే జరిగిన సంవత్సరం ఉంది. అది 2005కు చాలా ముందు. గుడిసెలు తాత్కాలికమే కావొచ్చు. దాటిపోయేవాళ్లు మూడు తరాల రాళ్లు పాతుకోరు.

ఆ ఒక్క గుర్తుతో పని అయిపోలేదు. పెద్దాయన ఓ తెల్ల కాగితం మీద అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టి రాశారు. గుర్తుల పట్టికలోని ఆ వరస కింద గీత గీశారు. పాత ముద్రణ ప్రతి కోసం ఎక్కడ దరఖాస్తు పెట్టాలో చెప్పారు. గూడెంలో డెబ్బై దాటినవాళ్లు ఎవరున్నారో, వాళ్లతో ఏం రాయించాలో చెప్పారు. కుర్రాడు కోచింగ్‌కు వారం సెలవు పెట్టి ఊరెళ్లాడు. గ్రామసభ కూర్చుంది. రాళ్లను ఫోటో తీశారు, లెక్కపెట్టారు. పటం జిరాక్సు జత చేసి, తీర్మానం రాసి మళ్లీ పంపారు. వెళ్లేముందు రంగుల ప్రింటును మాత్రం పెద్దాయన దగ్గరే వదిలేశాడు.

2020 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం అటవీ హక్కు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. ఆ తర్వాత కొన్ని నెలలకు కుర్రాడి నుంచి ఫోన్ వచ్చింది. చట్టం చెప్పినట్టే అమ్మ, నాన్న ఇద్దరి పేర్లతో పట్టా వచ్చింది. అడిగిన దానికంటే తక్కువే. బీడుగా ఉన్న చెక్కలను లెక్కలోకి తీసుకోలేదు. పెద్దాయన హద్దులు చదవమన్నారు. కుర్రాడు చదువుతుంటే ఆయన ప్రింటు మీద వేలు జరుపుతూ పోయారు. తూర్పున గెడ్డ. దక్షిణాన బాట. పడమట బండ. ఉత్తరాన అటవీ శాఖ భూమి.

‘‘మరి రాళ్లు?’’

‘‘హద్దుకు అవతల సార్. అడవిలోనే ఉన్నాయి.’’

అది తప్పు కాదు. సాగుభూమికి ఇచ్చే హక్కు ఒక్కో కుటుంబానిది. శ్మశానం ఊరందరిదీ. దానికి ఊరంతా కలిసి ఉమ్మడి హక్కు కింద వేరే ఫారం పెట్టాలి. ఏ రాళ్లు చూపించి పొలం నిలబెట్టుకున్నారో ఆ రాళ్లకు ఇంకా కాగితం లేదు. పెద్దాయన ఆ మాటే చెప్పారు. ఫారం పేరు చెప్పి, ఆలస్యం చేయొద్దన్నారు.

ఫోను పెట్టేసే ముందు ఆయన ఒకటి అడిగారు. తూర్పున ఉన్న ఆ గెడ్డ పేరు మీరు ఎలా పలుకుతారు? ఇంగ్లిషు అక్షరాల్లో డ, ద రెండూ ఒకటే. ల, ళ రెండూ ఒకటే. అప్పట్లో చెవిన పడింది ఒకటి, కాగితం మీదికి వచ్చింది ఇంకొకటి. కుర్రాడు రెండుసార్లు పలికి చూపాడు. పటంలో ఉన్నది ఆ పేరు కాదు. పెద్దాయన పెన్సిల్‌తో నీలం గీత వెంబడి సరైన పేరు తెలుగులో రాశారు. తర్వాత గూడెం పేరు రాయబోయారు. గుడిసెల గుర్తు పక్కన చోటు చాల్లేదు. అంచున రాసి, అక్కడి నుంచి లోపలికి ఓ బాణం గీశారు.